పదకొండో అంతస్తులో కుట్టుమిషను: బోర్ గురించి ఒక కేస్ స్టడీ

"అమ్మ రోజుకు ఆరేడు గంటలు ఫోన్ చూస్తోంది. రాత్రి రెండింటికి లేచి కూడా చూస్తోంది. అడిక్షన్ ఏమోనని భయంగా ఉంది మేడమ్." కూతురు మొదటిసారి ఫోన్ చేసినప్పుడు చెప్పిన ఫిర్యాదు ఇది. తీరా వాళ్ల అమ్మగారు వచ్చి నా ఎదురుగా కూర్చున్నాక ఫోన్ ఊసే ఎత్తలేదు. కాసేపు గదిలో కర్టెన్ల వంక చూశారు. తర్వాత, "ఏమీ తోచడం లేదమ్మా. పొద్దు పోవడం లేదు. దానికి కూడా డాక్టరు దగ్గరికి రావాలా అంటే మా పిల్ల వినదు" అన్నారు.

నేను డాక్టర్ని కాదు, కౌన్సెలింగ్ సైకాలజిస్టుని. ఆ మాట చెప్పాను. "ఏదో ఒకటిలే అమ్మా" అన్నారు. చివరిదాకా "డాక్టరమ్మా" అనే పిలిచారు.

ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో నేను మొదట తప్పు చేశాను. బోర్ అనగానే ఏదో ఒక పని పెట్టేస్తే సరిపోతుందనుకునే తప్పు అది. మనిషి ఎవరో గుర్తుపట్టకుండా వయసు, కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ఇలాంటిదే ఇంకో కేసులో జరిగిన ఒకటి రెండు సంగతులు ఇందులోనే కలిపాను.

ఆవిడ వయసు 59. తెనాలి. ఏడో తరగతి దాకా చదువు. ఇంటి ముందు గదిలో మిషను వేసుకుని 31 ఏళ్లు జాకెట్లు కుట్టారు. భర్త రైస్ మిల్లులో గుమాస్తాగా చేసి మానేశారు. కొడుకు పుణేలో, కూతురు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. రెండేళ్ల క్రితం కూతురు, "జీవితమంతా మిషను తొక్కావు, ఇక చాలమ్మా" అని ఇద్దరినీ కొండాపూర్ వైపు తమ ఫ్లాటుకు తీసుకొచ్చింది. మిషను చుట్టాలకు ఇచ్చేశారు.

ఫ్లాటు పదకొండో అంతస్తు. వంటకు ఒకావిడ, ఇంటి పనికి ఇంకొకావిడ. పొద్దున ఏడున్నరకి మనవడికి బాక్సు సర్ది స్కూల్ బస్సు ఎక్కించడం ఒక్కటే ఆవిడ పని. మళ్లీ మధ్యాహ్నం మూడూ నలభై అయిదుకి బస్సు వచ్చేదాకా ఖాళీ. ఎనిమిది గంటలు. మిషను మీద ఉన్న రోజుల్లో ఎనిమిది గంటల్లో నాలుగు లైనింగ్ జాకెట్లు, మధ్యలో వంట, వచ్చేపోయే వాళ్లతో కబుర్లు అయిపోయేవి.

ముందు తోసిపుచ్చాల్సినవి

బోర్ అని వచ్చిన ప్రతి కేసులో నేను ముందు డిప్రెషన్ గురించి చూస్తాను. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి: మంచం, ఫోను, మాట తగ్గడం. లోపల తేడా ఉంటుంది. డిప్రెషన్‌లో కోరికే ఎండిపోతుంది. ఇష్టమైన కూర వండి పెట్టినా, ఇష్టమైన మనిషి వచ్చినా రుచించదు. బోర్‌లో కోరిక బతికే ఉంటుంది, వాలడానికి కొమ్మ దొరకదు. అందుకే బోర్ కొట్టిన మనిషి చిరాకుగా, అటూ ఇటూ తిరుగుతూ ఉంటాడు. అయితే ఎక్కువ కాలం సాగిన బోర్ డిప్రెషన్‌తో కలిసే ఉండొచ్చు. కాబట్టి ఊహ మీద వదిలేయకూడదు.

డిప్రెషన్ ఎంత ఉందో కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం చదివి వినిపించి నింపాను. గడిచిన రెండు వారాల గురించి అడుగుతుంది, మొత్తం 27కి లెక్క. ఆవిడకి 7 వచ్చింది. 5 నుంచి 9 దాకా స్వల్పం కింద లెక్క వేస్తాం. చనిపోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకి సున్నా. థైరాయిడ్, బి12 పరీక్షలు వాళ్ల ఫిజీషియన్ దగ్గర చేయించమన్నాను, రెండూ మామూలుగానే ఉన్నాయి. కళ్లజోడు మాత్రం నాలుగేళ్ల నాటిది, మార్పించాం. రాత్రి రెండింటి మెలకువకి కారణం కూడా పెద్ద రహస్యం కాదు: మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి దాకా నిద్ర. "నిద్ర వచ్చి కాదమ్మా, పడుకుంటే ఆ రెండు గంటలు గడుస్తాయని" అన్నారు.

ఇంకో ప్రశ్న అడిగాను. డిప్రెషనా, బోరా అని తేల్చుకోవడానికి నాకు అలవాటైన ప్రశ్న. "మీకు బాగా ఇష్టమైన పని ఇప్పుడు ఎవరైనా తెచ్చి చేతిలో పెడితే చేస్తారా, లేక అదీ వద్దనిపిస్తుందా?"

జవాబు చెప్పకుండా ఆవిడ నా భుజం వంక చూశారు. "మీ జాకెట్టు ఎడమ భుజం జారుతోంది. మెడ వెడల్పు ఎక్కువ పెట్టాడు. చంక దగ్గర కూడా అర అంగుళం లోపలికి తీసుకోవాలి. ఆది జాకెట్టు ఇచ్చి కుట్టించుకోలేదా?"

అంతవరకు ఆవిడ గొంతులో లేని చురుకు ఆ నాలుగు మాటల్లో ఉంది. కేసు మొత్తం ఆ నిమిషంలోనే నా ముందు పరిచి ఉంది. నేను "ఆసక్తి నిలిచి ఉంది, డిప్రెషన్ సూచనలు తక్కువ" అని నోట్సులో రాసుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాను.

మాటల్లోనే తేడా ఉంది

బోర్ మీద చాలా ప్రశ్నావళులు ఉన్నాయి. ఫార్మర్, సండ్‌బర్గ్ 1986లో తయారుచేసిన 28 వాక్యాల పత్రాన్ని కాలేజీ పిల్లలకి ఇస్తుంటాను. ఆవిడకి ఇవ్వలేదు. తెలుగులోకి మారిస్తే ఆ వాక్యాలు కర్రలా ఉంటాయి. పైగా మనవాళ్లు ఈ బాధకి వాడే మాటలు వాటికంటే పదునుగా ఉంటాయని నా అనుభవం.

"పొద్దు పోవడం లేదు" అన్నవాళ్ల బాధ టైముతో. గంటలు బరువుగా ఉన్నాయి, అంతే. ఆస్పత్రి వరండాలో, రైలు లేటైన ప్లాట్‌ఫారం మీద వచ్చేది ఇదే. పల్లీలు కొనుక్కున్నా, పక్కవాడితో రాజకీయాలు మాట్లాడినా తీరుతుంది. "విసుగ్గా ఉంది" అన్నవాళ్లకి చేతిలో పని ఉంది, కానీ అదే పని మళ్లీ మళ్లీ. లేదా తమ స్థాయికి మరీ తేలికైన పని. "ఏమీ తోచడం లేదు" అన్నది ఇంకోటి. తోచడమంటే మనసుకి ఏదో ఒకటి తట్టడం. తోచకపోవడమంటే ఏం కావాలో మనసుకి తట్టకపోవడం. వాళ్ల ముందు పది పనులు పెట్టినా ఏదీ తమది అనిపించదు. "బోర్ కొడుతోంది" అనే మాట వచ్చి ఈ మూడింటినీ ఒకే సంచిలో వేసేసింది.

కెనడాలో యార్క్ యూనివర్సిటీకి చెందిన జాన్ ఈస్ట్‌వుడ్, ఆయనతో పనిచేసినవాళ్లు 2012లో బోర్‌కి ఇచ్చిన నిర్వచనం ఈ రంగంలో బాగా నిలబడింది. తృప్తినిచ్చే పనిలో మునగాలని ఉంటుంది, మునగలేకపోతాం, ఆ ఇబ్బందే బోర్ అని దాని సారం. చదివినప్పుడల్లా నాకు మన "తోచడం లేదు"ని ఎవరో ఇంగ్లిషులో విప్పి చెప్పినట్టే ఉంటుంది. అంటే బోర్ అనేది సోమరితనం కాదు. సోమరికి ఏమీ చేయాలని ఉండదు, హాయిగా ఉంటాడు.

ఈ మాట అంటే ఆవిడ నవ్వారు. "బోరంటే మా ఊళ్లో నీళ్ల కోసం వేస్తారమ్మా. ఇక్కడికొచ్చాకే బోరు మనుషులకి కూడా కొడుతుందని తెలిసింది" అన్నారు.

వారం రోజుల పుస్తకం

మొదటి వారం ఒక్కటే అడిగాను: గంట గంటకి ఏం చేశారో, బోర్ ఎంతో సున్నా నుంచి పది దాకా ఒక అంకె, పక్కన ఆ మూడు మాటల్లో ఏదో ఒకటి రాయమని. డిప్రెషన్ చికిత్సలో బిహేవియరల్ యాక్టివేషన్ అనే పద్ధతి ఉంది, అంటే రోజూ చేసే పనుల్ని మార్చి మనసుని కదిలించడం. 1970లలో సైకాలజిస్టు పీటర్ లెవిన్‌సన్ చేసిన పనిలో దాని వేళ్లున్నాయి. మనిషి రోజు నిజంగా ఎలా గడుస్తోందో ముందు కాగితం మీద చూడటం అందులో తొలి మెట్టు. బోర్‌కి కూడా నేను దాన్నే వాడుకుంటాను.

ఆవిడ కొత్త పుస్తకం కొనలేదు. తెనాలి నుంచి తెచ్చుకున్న ఆర్డర్ల పుస్తకంలో ఖాళీ పేజీలు ఉంటే వాటిలోనే రాశారు. ఎడమ వైపు పాత గీతలు అలాగే ఉన్నాయి: పేరు, ఎన్ని జాకెట్లు, ఇచ్చిన తేదీ, కావాల్సిన తేదీ, అడ్వాన్సు.

వారం అయ్యాక చూస్తే పొద్దున పదకొండు నుంచి మూడున్నర దాకా అంకెలు ఏడు, ఎనిమిది. పక్కన దాదాపు అన్నిచోట్లా "తోచలేదు". పొద్దు పోలేదని రాసింది తక్కువ. మనవడితో ఉన్న సాయంత్రాలు రెండు, మూడు. ఫోన్ గంటలు చూసి ఆవిడే ఆశ్చర్యపోయారు. ఫోన్ చేతిలోకి తీసుకునేటప్పుడు ఆరు ఉన్న బోర్, గంట తర్వాత ఏడో ఎనిమిదో అవుతోంది. తగ్గడం లేదు.

దీనికి ఆధారం ఉంది. టొరంటో యూనివర్సిటీలో కేటీ టామ్, మైకేల్ ఇన్‌జ్లిక్ట్ 2024లో ప్రచురించిన పరిశోధనలో, బోర్ తప్పించుకోవడానికి ఒక వీడియో నుంచి ఇంకో వీడియోకి దూకుతూ, ముందుకు జరుపుతూ చూసినవాళ్లకి, ఒకే వీడియో కదలకుండా చూసినవాళ్లకంటే బోర్ ఎక్కువ కొట్టింది. దూకితే తగ్గుతుందని వాళ్లు ముందుగా అనుకున్నారు, జరిగింది దానికి తలకిందులు. మునగడానికి కాస్త టైము పడుతుంది. ఇరవై సెకన్లకొకసారి వేలితో పైకి తోస్తుంటే మునిగేదెప్పుడు?

ఫోన్ లాక్కోవాలని కూతురు అంది. వద్దన్నాను. ఉన్నదాన్ని కూడా లాగేస్తే మిగిలేది ఇంకా పెద్ద ఖాళీ. బదులుగా మూడు రోజులు మామూలుగా, మూడు రోజులు మాత్రం ఒక పూర్తి బుర్రకథో, ఒక పాత సినిమానో మధ్యలో మార్చకుండా చూడమన్నాను. రెండో మూడు రోజుల్లో అంకె రెండు మెట్లు దిగింది. "బాగానే ఉంది గానీ, అయిపోయాక మళ్లీ మామూలే" అన్నారు. నిజమే.

నేను చేసిన తప్పు

అప్పుడు నేనొక జాబితా రాశాను. పొద్దున క్లబ్‌హౌస్‌లో యోగా, మంగళ శుక్రవారాలు లలితా సహస్రనామం గ్రూపు, సాయంత్రం అరగంట నడక, మధ్యాహ్నం రంగులు వేసే పుస్తకం. చాలామంది కౌన్సెలర్ల దగ్గర ఇలాంటి జాబితా ఒకటి సిద్ధంగా ఉంటుంది. నా దగ్గరా ఉంది.

ఆవిడ రెండు వారాలు ఒక్కటి వదలకుండా చేశారు. చెప్పిన టైముకి చెప్పిన పని చేసి 31 ఏళ్లు బతికిన మనిషి. రంగుల పుస్తకం తెచ్చి చూపించారు, గీత దాటని రంగులు, అచ్చు వేసినట్టు. డైరీలో మాత్రం ఆ గంటల పక్కన ఆరు, ఏడు, ఏడు.

"వేయమన్నారు కదా, వేశాను. ఎవరిక్కావాలమ్మా ఇవి?" అన్నారు.

ఆ పుస్తకం చేతిలో పట్టుకుని కాసేపు ఏమీ అనలేకపోయాను. తర్వాత ఆర్డర్ల పుస్తకం ఎడమ పేజీ చూశాను. పేరు, ఇచ్చిన తేదీ, కావాల్సిన తేదీ. 31 ఏళ్లు ఆవిడ ముట్టుకున్న ప్రతి గుడ్డ మీద ఎవరో ఒకరి పేరు ఉంది. దాని కోసం ఎవరో ఒకరు ఎదురుచూశారు. కుట్టడం ఆలస్యమైతే గుమ్మంలో నిలబడి పోట్లాడారు. ఇప్పుడు రంగులు వేయకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. యోగాకి వెళ్లకపోతే? చాప పరిచే చోటు ఇంకొకరికి దొరుకుతుంది.

సైకాలజిస్టులు ఎరిన్ వెస్ట్‌గేట్, తిమోతీ విల్సన్ 2018లో ప్రతిపాదించిన నమూనా నాకు ముందే తెలుసు, క్లాసుల్లో చెప్పాను కూడా. బోర్‌కి రెండు దారులున్నాయని వాళ్లు అంటారు: పని మీద ధ్యాస నిలపలేకపోవడం ఒకటి, ఆ పనికి అర్థం కనిపించకపోవడం ఇంకోటి. రెండింటిలో ఏది లేకపోయినా బోర్ వస్తుంది. ఆవిడకి ధ్యాసలో లోపమేమీ లేదు. గీత దాటని ఆ రంగులే సాక్ష్యం. కొరవడింది రెండోది. నేనేమో ధ్యాసకి మందు వేసి కూర్చున్నాను. ఇంకోలా చెప్పాలంటే "పొద్దు పోవడం లేదు" అన్నవాళ్లకి ఇవ్వాల్సిన జాబితాను "తోచడం లేదు" అన్న మనిషికి ఇచ్చాను.

అదే ఫ్లాటులో ఉన్న ఆవిడ భర్త సంగతి కూడా అప్పుడే అడిగాను. ఆయనకి బోర్ లేదట. పొద్దున పాలు తేవడం, సెక్యూరిటీ వాళ్లతో కూర్చుని ఏ ట్యాంకర్ ఎప్పుడొచ్చిందో లెక్క చూడటం, మెయింటెనెన్స్ మీద అసోసియేషన్‌కి ఫిర్యాదు రాయడం, సాయంత్రం వార్తా చానెళ్లలో చర్చలు. మిల్లులో గుమాస్తాగిరీ ఎలా చేశారో అపార్ట్‌మెంట్‌లోనూ అలాగే చేస్తున్నారు. ఎవరూ ఇవ్వని ఉద్యోగం ఆయనే వేసుకున్నారు. నీళ్ల లెక్క కోసం జనం ఇప్పుడు ఆయన్నే అడుగుతారు. ఇల్లు అదే, పొద్దు అదే.

కూతురితో ఒక గంట

కుట్టుపని మళ్లీ మొదలుపెడితే ఎలా ఉంటుందని అడగ్గానే కూతురి ముఖం మారిపోయింది. "మా అమ్మ నడుము నొప్పితో పక్క మీద దొర్లడం చూస్తూ చదువుకున్నాను మేడమ్. మళ్లీ మిషను ఎక్కిస్తే నేను ఉద్యోగం చేసి ఏం లాభం?" అంది. ఇంకాసేపటికి, తల దించుకుని, "ఇక్కడ వాళ్లు ఏమనుకుంటారు" అని కూడా అంది. రెండోది చెప్పడం మొదటిదానికంటే కష్టం, చెప్పినందుకు ఆ అమ్మాయి మీద నాకు గౌరవం పెరిగింది.

అమ్మ చాలాసేపు వినీ వినీ, "నన్ను కూర్చోబెట్టావు తల్లీ. ఎలా కూర్చోవాలో నాకు రాదు" అన్నారు.

పెద్దవాళ్లను సుఖపెట్టడమంటే పని మాన్పించడమేనని మన ఇళ్లల్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో ప్రేమ ఉంది, కాదనను. అయితే పని తీసేసినప్పుడు దానితోపాటు ఏమేం పోతున్నాయో చూడం. గుమ్మంలోకి వచ్చే మనుషులు పోతారు. "ఫలానా టైలరమ్మ" అనే పేరు పోతుంది. చేతిలో సొంత డబ్బు పోతుంది. గడువు పోతుంది. నడుము నొప్పి ఒక్కటి పోవాలని కోరుకుంటే ఇవన్నీ కలిసి పోతాయి.

నొప్పి సంగతి కూడా తేలిగ్గా తీసుకోలేదు. పాతది కాలితో తొక్కేది, మోకాళ్లకి అది ఇక కుదరదు. మోటారుది చిన్నది కొన్నారు, వెలుతురు కోసం బాల్కనీ కిటికీ పక్కన వేశారు. ఫ్లాట్లలో వ్యాపారం చేయకూడదని అసోసియేషన్ నిబంధన ఉంది. బోర్డు పెట్టకుండా, తెలిసినవాళ్లకి మాత్రమే అని భర్తగారే వెళ్లి మాట్లాడి వచ్చారు. ఆ ఫిర్యాదుల పరిచయం అలా పనికొచ్చింది.

మొదటి ఆర్డరుగా నా జాకెట్టు ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. చికిత్సలో ఉన్నవాళ్లతో ఇంకో లావాదేవీ పెట్టుకోకూడదని మా వృత్తి నియమం. అది ఆవిడకి అర్థం కాలేదు, చిన్నబుచ్చుకున్నారు. ఆ జాకెట్టు భుజం ఇప్పటికీ జారుతూనే ఉంది.

మాట మారింది

మొదట వచ్చినవన్నీ చిన్న పనులు: చీరలకి ఫాల్స్ కుట్టడం, పిల్లల యూనిఫాం అంచులు విప్పడం, రెడీమేడ్ డ్రెస్సులు బిగించడం. మొదటి వారం అంకెలు మూడుకి దిగాయి. మూడో వారానికి మళ్లీ అయిదు. కూతురు కంగారుపడి ఫోన్ చేసింది, ఇది కూడా పనిచేయడం లేదని.

పుస్తకం తెప్పించి చూస్తే అంకె పెరిగిన మాట నిజమే, కానీ పక్కన రాసిన మాట మారింది. "తోచలేదు" ఎక్కడా లేదు. "విసుగు" అని ఉంది. నేను చాలా సంతోషించాను. కూతురికి ఆ సంతోషం వింతగా అనిపించింది.

విసుగు వేరే జబ్బు, దాని వైద్యం వేరే. సైకాలజిస్టు మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ 1975 నుంచి రాస్తూ వచ్చిన విషయం ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. చేతిలో ఉన్న నేర్పుకంటే పని మరీ తేలికైతే బోర్, మరీ బరువైతే టెన్షన్, రెండూ దగ్గర దగ్గరగా తూగినప్పుడు మనిషి టైము మరిచిపోయి మునుగుతాడు. 31 ఏళ్లు జాకెట్లు కుట్టిన చేతికి ఫాల్స్ పని ఏపాటి?

"మీకు రానిది, రావాలనిపించేది ఏదైనా ఉందా?" అని అడిగాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ప్రిన్సెస్ కట్. లోపల ప్యాడ్లు పెట్టి కుడతారే అది. మా ఊళ్లో ఎవరూ అడగలేదు, ఇక్కడ పిల్లలందరూ అదే అడుగుతున్నారు. నాకు రాదని చెప్పలేక, టైము లేదని చెబుతున్నా."

నేర్చుకోవడానికి మళ్లీ ఫోనే పట్టుకున్నారు. ఈసారి ఒకే వీడియో, నలభై నిమిషాలది, ఆపుతూ వెనక్కి తిప్పుతూ మూడు రోజులు చూశారు. మొదటి జాకెట్టు కటింగ్‌లో పాడైంది. పక్క బ్లాకులో ఉండే అమ్మాయిది, పట్టు గుడ్డ. కూతురితో కలిసి షాపులు తిరిగి అదే రంగు వెతికి కొని, మళ్లీ కట్ చేశారు. ఆ రోజు పేజీలో ఇలా ఉంది: "గుడ్డ పోయింది. ఏడుపొచ్చింది. బోరు 1."

కాజాలు, హుక్కులు, చేతి కుట్టు మాత్రం ఎంత నేర్పున్నా విసుగే. వాటికి ఒక చిన్న చిట్కా. రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్ తెర చూస్తూ కూర్చునేవాళ్లు సంకేతాలు ఎందుకు వదిలేస్తున్నారని పరిశీలించిన నార్మన్ మాక్‌వర్త్, 1948లో తన గడియారం ముల్లు పరీక్ష ఫలితాలు ప్రచురించాడు. మార్పులేని పని మీద చూపు మొదటి అరగంటలోనే పడిపోతుందని అందులో తేలింది. అందుకని కాజాలన్నీ ఒక్కసారే కూర్చుని కుట్టేయకుండా, అరగంట చేసి లేచి ఇంకో పని చేసి మళ్లీ రమ్మన్నాను. ఆవిడ ఇంకో మార్పు చేశారు: ఆ అరగంటకి ముందే పని ఆవిడని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెబుతూ హుక్కులు కుట్టడం. కొన్నాళ్లకి ఆ పని ఆవిడకి కూడా హుక్కులు కుట్టడం వచ్చేసింది.

అటు నుంచి ఇటు

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి ముందు పధ్నాలుగు జాకెట్లు ఒప్పుకున్నారు. ఒకరికి కాదని చెప్పడం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. రాత్రి పన్నెండు దాకా మిషను, నిద్ర లేదు, బీపీ పెరిగింది, కూతురు "నేను ముందే చెప్పాను" అంది. బోర్ సున్నా. టెన్షన్ తొమ్మిది. తూకం ఇటు నుంచి అటు పడింది.

అప్పుడు పెట్టుకున్న హద్దు: వారానికి నాలుగే. ఫ్రిజ్ మీద కాగితం అంటించి నాలుగు గళ్లు గీశారు. నాలుగు నిండితే తర్వాతి వారమే. కాదనడం కూడా ఆవిడ నేర్చుకోవాల్సిన కొత్త కటింగే. రెండు సెషన్లు దాని మీదే గడిపాం: నేను పక్కింటి అమ్మాయిగా నటించి బతిమాలడం, ఆవిడ కాదనడం. మొదటిసారి "సరేలే, ఇచ్చి వెళ్లు" అనేశారు.

ఇంకో పని కూడా పెట్టాను, దాని మీద ఆవిడకి చివరిదాకా సదభిప్రాయం కలగలేదు. రోజూ ఇరవై నిమిషాలు బాల్కనీలో ఫోన్ లేకుండా, పని లేకుండా కూర్చోవడం. కాస్త బోర్‌ని ఓర్చుకోవడం రాకపోతే, మొదటి ఖాళీ దొరకగానే చెయ్యి మళ్లీ ఫోన్ మీదికే పోతుంది. ఇది తేలిక కాదని చెప్పడానికి తిమోతీ విల్సన్ బృందం 2014లో ప్రచురించిన ప్రయోగం గురించి చెప్పాను. మనుషుల్ని ఖాళీ గదిలో 15 నిమిషాలు ఒంటరిగా, ఆలోచనలతో మాత్రమే కూర్చోబెట్టారు. చేతికి అందేలా ఒక బటన్, నొక్కితే కరెంటు షాక్. డబ్బులిచ్చైనా ఆ షాక్ తప్పించుకుంటామని ముందు చెప్పినవాళ్లలోనే 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6 మంది కనీసం ఒక్కసారైనా నొక్కుకున్నారు.

"మా పాత మిషను దీపం కూడా అప్పుడప్పుడు షాక్ కొట్టేది. ఊరికే కూర్చోవడం కంటే అదే నయం" అన్నారు ఆవిడ. ఇరవై నిమిషాలు పన్నెండుకి తగ్గించాం. పన్నెండూ కూర్చుంటున్నారా అంటే నాకు అనుమానమే.

అడిగేవాళ్ల కోసం

ఈ కేసు గురించి చెబితే, మరి మేమేం చేయాలని అడుగుతారు. మిషను కొనమని చెప్పలేను కదా. వారం రోజులు అంకె, మాట రాసి చూడండి. పొద్దు పోకపోవడమే అయితే నడక, పాట, స్నేహితుడు, ఏదైనా సరిపోతుంది, ఎక్కువ ఆలోచించొద్దు. విసుగే అయితే అదే పనిని ఒక మెట్టు కష్టం చేయండి, లేదా ముక్కలు చేయండి. తోచకపోవడమైతే కొత్త హాబీల జోలికి వెళ్లేముందు, ఒకప్పుడు మీ కోసం ఎవరు, దేనికి ఎదురుచూసేవారో గుర్తు చేసుకోండి. ఇష్టమైనవి కూడా రుచించకుండా, నిద్ర, ఆకలి తగ్గి రెండు వారాలు దాటితే అది బోర్ కాకపోవచ్చు. సైకియాట్రిస్టునో సైకాలజిస్టునో కలవండి. కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

అయిదు నెలల తర్వాత

మొత్తం పదకొండు సెషన్లు. ముగింపులో పీహెచ్‌క్యూ-9 స్కోరు 3. ఫోన్ రోజుకి రెండు గంటల దగ్గర ఆగింది, అందులో సగం కటింగ్ వీడియోలే. మధ్యాహ్నం నిద్ర అరగంట, రాత్రి రెండింటికి మెలకువ వారంలో ఒకటి రెండు సార్లు వస్తూనే ఉంది. ఆదివారాలు బాగుపడలేదు. అందరూ ఇంట్లో ఉంటారు, మిషను చప్పుడు చేయకూడదు, మాల్‌కి తీసుకెళ్తారు. మాల్‌లో అంకె ఎప్పుడూ ఏడే. అక్కడ జాకెట్ల షాపు ముందు నిలబడ్డ పది నిమిషాలకి మాత్రం రెండు.

నడుము నొప్పి మళ్లీ కొద్దిగా మొదలైంది. ఫిజియోథెరపీకి వెళ్తున్నారు. కూతురు దీన్ని పూర్తిగా ఒప్పుకుందని చెప్పలేను. "అమ్మ బాగుంది, నాకే ఇంకా ఎలాగో ఉంది" అని ఒకసారి అంది. ఆ మాట మీద ఆ అమ్మాయితో విడిగా మాట్లాడాల్సి ఉంది.

ఆఖరి సెషన్‌కి పుస్తకం తెచ్చారు. ఏడో వారం దాకా అంకెలు, మాటలు వరుసగా ఉన్నాయి. తర్వాత ఒక రోజు ఉండి, రెండు రోజులు లేక. ఆ తర్వాత పేజీలో అంకెల కోసం వెతికితే కనిపించలేదు. ఎందుకు రాయలేదని అడిగితే, రాయడానికి చోటు లేదన్నారు. ఆ గళ్లలో ఇవి ఉన్నాయి: "బి బ్లాకు 504, ప్రిన్సెస్ కట్ రెండు, ఆది ఇచ్చారు, గురువారానికి. సి 210, చేతులు పొడుగు, శుక్రవారం తప్పదన్నారు."